చేపల వేపుడు, పూల కిరీటం... మధ్యలో ఓ బడి

ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలంలో ఏ శుక్రవారం సాయంత్రమైనా పిట్స్‌బర్గ్ రండి. చర్చి దగ్గరికొస్తే చాలు, నూనెలో చేప వేగుతున్న వాసన తగులుతుంది. ఆ శుక్రవారాల్లో క్యాథలిక్కులు మాంసం ముట్టరు, చేప మాత్రం తినొచ్చు. అందుకే చర్చి హాళ్లలో, బడి జిమ్‌లలో ‘ఫిష్ ఫ్రై’ పెడతారు. ఎక్కడెక్కడ పెడుతున్నారో చూపించే ఆన్‌లైన్ మ్యాప్ కూడా ఉంది!

మా పిల్లల బడిలోనూ పెడతారు. పిండిలో ముంచి వేయించిన పెద్ద చేప ముక్క, బన్ను, క్యాబేజీ సలాడ్, లోపల ఆలుగడ్డ కూరిన పియరోగీలు. చూడ్డానికి మన కజ్జికాయల్లా ఉంటాయి, తీపి మాత్రం ఉండదు. వడ్డించేది క్యాటరింగ్ వాళ్లు కాదు... ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. నా డ్యూటీ క్యాష్ కౌంటర్‌లో.

మూడేళ్లుగా ఆ కౌంటర్‌లో కూర్చుంటున్నాక నాకు అర్థమైంది ఒకటే. ఈ బడిలో పండగలు సరదా కోసమే కాదు, బడి బతకడం కోసం కూడా.

వెంకన్న గుడి, మరియమాత బడి

మాది విజయవాడ. ఉద్యోగాల కోసం ఇక్కడికొచ్చాం. 1976లో కట్టిన శ్రీవేంకటేశ్వరస్వామి గుడి ఈ ఊళ్లోనే ఉంది. ఆదివారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తాం. సోమవారం వాళ్లు క్యాథలిక్ బడికి వెళ్తారు. చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా ‘అదేంటే?’ అని అడుగుతారు. నేనూ చిన్నప్పుడు సిస్టర్ల బళ్లోనే చదివాను కదా, నాకది వింతగా అనిపించలేదు. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకి మా అమ్మ కూడా కొండెక్కి కొబ్బరికాయ కొట్టేది.

ఇక్కడ ‘ఎలిమెంటరీ అండ్ మిడిల్’ అంటే కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి దాకా ఒకే కప్పు కింద. బడి చర్చిని ఆనుకునే ఉంటుంది. అమెరికా మొత్తం మీద క్యాథలిక్ బళ్లలో చదివేవాళ్లలో సుమారు ఐదోవంతు క్యాథలిక్కులు కారు. మా పిల్లలు అందులో ఇద్దరు.

వారానికోసారి బడంతా కలిసి పూజకి వెళ్తుంది. దివ్య సత్ప్రసాదం పంచేటప్పుడు మావాళ్లు కూడా లైన్లో వెళ్తారు. కానీ రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుంటారు. ఫాదర్ వాళ్లకి ప్రసాదం ఇవ్వకుండా దీవించి పంపుతారు.

రెండో తరగతిలో మాత్రం చిన్న ఇబ్బంది వచ్చింది. క్యాథలిక్ పిల్లలు మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే ఏడాది అది. అమ్మాయిలకి తెల్ల గౌన్లు, అబ్బాయిలకి సూట్లు. మావాడు వచ్చి ‘నాకు సూట్ ఎప్పుడమ్మా?’ అన్నాడు. ‘మనింట్లో నీకు అన్నప్రాశన చేశాం, అక్షరాభ్యాసం చేశాం. వాళ్లింట్లో ఇదొకటి’ అని చెప్పాను. ‘మరి వాళ్లకి అక్షరాభ్యాసం అయిందా?’ అన్నాడు. కాలేదన్నాను. లెక్క సరిపోయిందనుకున్నాడేమో, ఇంకేం అడగలేదు.

ఆగస్టు నుంచి మే దాకా

బడి తెరవగానే మొదటి పని ‘బడ్డీ’లని కలపడం. కిండర్‌గార్టెన్‌లో చేరిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఎనిమిదో తరగతి నుంచి ఓ పెద్ద బడ్డీ. పూజలో పక్కన కూర్చోబెట్టుకోవాలి, షూ లేసు కట్టాలి, ఏడిస్తే ఊరుకోబెట్టాలి. పదమూడేళ్ల కుర్రాళ్లు ఎంత బుద్ధిగా కూర్చుంటారో అప్పుడే చూడాలి!

నవంబర్ 1 పునీతులందరి పండగ. హాలోవీన్‌కి దెయ్యం వేషం వేసినవాళ్లే మర్నాడు పునీతుల వేషాల్లో వస్తారు. పెన్సిల్వేనియా వాళ్లకి సొంత పునీతులే ఉన్నారు. ఫిలడెల్ఫియా బిషప్‌గా ఉంటూ విచారణ బళ్లన్నిటినీ ఒక వ్యవస్థ కిందకి తెచ్చిన జాన్ న్యూమన్, ఆస్తినంతా నల్లజాతి, ఆదివాసీ పిల్లల చదువులకి ఇచ్చేసిన క్యాథరిన్ డ్రెక్సెల్. కానీ ఎక్కువ డిమాండ్ మదర్ థెరెసాకే. తెల్ల చీరకి నీలం అంచు. ఆ ముందురోజు సాయంత్రం నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. చీర కట్టడం వచ్చిన అమ్మ క్లాసుకి ఒక్కతే మరి!

డిసెంబర్ 6న సెయింట్ నికొలస్ రోజు. క్లాసు బయట షూలు విడిచిపెడితే తిరిగొచ్చేసరికి వాటిలో చాక్లెట్లుంటాయి. క్రిస్మస్ ముందు నాలుగు వారాలూ మూడు ఊదా, ఒక గులాబీ రంగు కొవ్వొత్తులు వారానికొకటి చొప్పున వెలిగిస్తారు.

జనవరి చివరి ఆదివారంతో మొదలయ్యేది ‘క్యాథలిక్ స్కూల్స్ వీక్’. 1974 నుంచి దేశమంతా జరుపుతున్నారు. ఒకరోజు పైజమాలతో రావొచ్చు, ఒకరోజు టీచర్లతో వాలీబాల్. మా బళ్లో తాతయ్యలు, అమ్మమ్మల రోజూ అప్పుడే. మా పిల్లల అమ్మమ్మ ఉన్నది బెజవాడలో. ఆ సంగతి తెలిసి విచారణలోని ఓ పెద్దావిడ మా అమ్మాయి పక్కన వచ్చి కూర్చుంది. అప్పట్నుంచి ప్రతి ఏడాదీ ఆవిడే వస్తోంది.

తర్వాత విభూది బుధవారం. నుదుట బూడిదతో ఇంటికొస్తే మా అత్తయ్య వీడియో కాల్‌లో చూసి, ‘శివాలయానికి వెళ్లొచ్చారా?’ అని అడిగింది. ఆ రోజే ప్రతి పిల్లకీ ఓ అట్ట డబ్బా ఇస్తారు... ‘రైస్ బౌల్’. 1975లో ఇదే రాష్ట్రంలోని అలెన్‌టౌన్‌లో మొదలైంది. నలభై రోజులూ ఏదో ఒకటి మానుకుని, మిగిలిన చిల్లర అందులో వెయ్యాలి. నాలుగోవంతు స్థానికంగా ఆకలి తీర్చడానికి, మిగతాది పేద దేశాలకి.

ఇక ఫిష్ ఫ్రై. మెక్‌డొనాల్డ్స్‌లో మీరు తినే ఫిలే-ఓ-ఫిష్ పుట్టింది ఈ శుక్రవారాల వల్లే తెలుసా? 1962లో సిన్సినాటిలో లూ గ్రోయెన్ అనే ఫ్రాంచైజీ యజమానికి తపస్సు కాలం శుక్రవారాలు బేరాల్లేక తయారు చేశాడు. కంపెనీ అధిపతి రే క్రాక్ పైనాపిల్ బర్గర్ పెట్టి పోటీకి దిగాడు. చేపే గెలిచింది!

మే నెలలో మరియమాతకి పూల కిరీటం. ఎనిమిదో తరగతి అమ్మాయి నిచ్చెనెక్కి విగ్రహానికి పెడుతుంది. ఆ తర్వాత వాళ్ల గ్రాడ్యుయేషన్. చిన్న బడ్డీలు పువ్వులిచ్చి పంపుతారు. అక్కడ ఏడవని అమ్మానాన్నల్ని నేనింతవరకు చూడలేదు.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

1884లో బాల్టిమోర్‌లో బిషప్పులంతా సమావేశమై ప్రతి చర్చి పక్కనా బడి ఉండాలని తీర్మానించారు. వలసొచ్చిన ఐరిష్, ఇటాలియన్, పోలిష్ కూలీల పిల్లలే ఆ బళ్లని నింపారు. 1960ల్లో సుమారు 13 వేల బళ్లు, 52 లక్షల మంది పిల్లలు. ఇప్పుడు బళ్లు 6 వేల లోపు, పిల్లలు సుమారు 17 లక్షలు.

కారణాలు చాలా ఉన్నాయి. కుటుంబాలు ఊరి బయటి కాలనీలకి వెళ్లిపోయాయి, పిల్లలు తగ్గారు. అన్నిటికంటే పెద్దది సిస్టర్లు. 1950లో ఈ బళ్లలో పదిమంది టీచర్లలో తొమ్మిదిమంది సిస్టర్లు, బ్రదర్లు, ఫాదర్లే. వాళ్లకి ఇచ్చేది నామమాత్రం. ఇప్పుడు నూటికి 95 మందికి పైగా మామూలు టీచర్లు. న్యాయంగా జీతం ఇవ్వాలి. ఫీజు పెంచితే పిల్లలు పోతారు, పెంచకపోతే జీతాలు రావు. ఆ ఖాళీని పూడ్చడానికే వాకథాన్, బింగో, చేపల వేపుడు.

మా బడికీ ఆ సెగ తగిలింది. మా అమ్మాయి ఏడో తరగతి, క్లాసులో పదకొండుమందే. ఈ ఏడాది తల్లిదండ్రుల మీటింగ్‌లో సూటిగా చెప్పారు. వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్‌లో కనీసం పదిమంది చేరకపోతే పక్క విచారణ బడితో కలిపేస్తారట. ఇప్పటిదాకా చేరింది ఆరుగురు. ఎవరూ గొడవ చెయ్యలేదు. ఓ నాన్న లేచి, ‘శుక్రవారం ఫ్రయర్ దగ్గర ఇంకో ఇద్దరు కావాలి, ఎవరొస్తారు?’ అన్నాడు. చేతులు లేచాయి.

చేప ముక్కలమ్మితే బడి నిలబడుతుందా అంటే, ఆ డబ్బొక్కదానితో నిలబడదు. కానీ పాతికేళ్ల కిందట ఇక్కడ చదివినవాళ్లు చేప కోసం వచ్చి, వాళ్ల పిల్లలకి క్లాసు రూములు చూపించి వెళ్తున్నారు. ఆరుగురిలో ఇద్దరు అలా చేరినవాళ్లే. నేనూ గుళ్లో కనిపించిన తెలుగువాళ్లకి చెప్తున్నా, ఓసారి వచ్చి చూడండని.

వచ్చే ఏడాది మా అమ్మాయి ఎనిమిదో తరగతి. తనకో చిన్న బడ్డీ రావాలి. పదకొండుమంది పెద్దవాళ్లకి ఆరుగురే చిన్నవాళ్లుంటే ఎలా పంచుకోవాలో వాళ్లు ఇప్పటికే మాట్లాడుకుంటున్నారు.

మీరు చదువుకున్న బడి ఇంకా ఉందా? సర్కారు బడైనా, సిస్టర్ల బడైనా సరే... ఈ ఏడాది వార్షికోత్సవం ఎప్పుడో కనుక్కోండి. వీలైతే ఓ గంట ముందు వెళ్లండి. కుర్చీలు వేసేవాళ్లు ఏ బళ్లోనైనా తక్కువే.