వైద్య వివాదాల పుస్తకాలు – సైన్సు రాని పాఠకుడు

ఖమ్మం జిల్లాలో 2009లో సుమారు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రయోగాత్మకంగా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా అది. వారిలో చాలామంది మనలాగే హాస్టల్ పిల్లలు. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు వేల అంగీకార పత్రాలపై సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ కమిటీ దీన్ని తప్పుపట్టింది. ఈ తప్పు తెలియడానికి సైన్సు అక్కర్లేదు, హాస్టల్లో ఉంటే చాలు.

ఆంధ్ర, గుజరాత్‌లలో టీకా వేయించుకున్న ఏడుగురు చనిపోవడంతో 2010లో కార్యక్రమం ఆపేశారు. టీకాయే చంపిందని రాసినవారున్నారు. విచారణలో ఒకరు నీట మునిగి, ఒకరు పాముకాటుతో పోయారని తేలింది. (పాముకాటు సంగతి దివిసీమ వాళ్లకు వేరే చెప్పాలా!) టీకా వేయించుకోని అదే వయసు పిల్లల్లో ఏటా ఎందరు చనిపోతారు? బైపీసీ చదవనివాడు కూడా ఈ ప్రశ్న అడగగలడు. ఆ పోలిక చూపని పుస్తకం మన పక్షాన మాట్లాడినా నేను నమ్మను.