పదవి లేని ప్రధానమంత్రి: జాంగ్ జూజెంగ్ (1525–1582)

మింగ్ వంశ స్థాపకుడైన హొంగ్‌వూ చక్రవర్తి 1380లో ప్రధానమంత్రి పదవిని రద్దు చేశాడు. దానిని పునరుద్ధరించాలని కోరే అధికారిని సైతం కఠినంగా శిక్షించాలని తన వారసులను ఆదేశించాడు. ఆ ఖాళీలో క్రమంగా ఎదిగిన ‘నెయ్‌గ’ అనే అంతరంగ సచివాలయం చట్టరీత్యా సలహామండలి మాత్రమే. చక్రవర్తికి అందే విజ్ఞప్తులపై చిత్తు ఉత్తర్వులు రాయడం దాని పని. జాంగ్ జూజెంగ్ ఈ సచివాలయానికి అధిపతిగా ఉంటూనే 1572 నుండి పదేళ్ళపాటు సామ్రాజ్యాన్ని నడిపాడు. ఆయన విజయాన్నీ పతనాన్నీ ఈ వైరుధ్యం నుండే అర్థం చేసుకోవాలి.

జియాంగ్లింగ్‌లో ఒక సాధారణ సైనిక వంశంలో పుట్టిన జాంగ్, 1547లో అత్యున్నతమైన ‘జిన్‌షి’ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. 1572లో బాలుడైన వాన్లీ సింహాసనమెక్కగానే, రాజమాత లీ, అంతఃపుర నపుంసకాధికారి ఫెంగ్ బావో జాంగ్‌కు అండగా నిలిచారు. చిత్తు ఉత్తర్వు శాసనం కావాలంటే దానిపై ఎర్రసిరా ఆమోదం పడాలి. ఆ సిరా ఫెంగ్ బావో చేతిలో ఉండేది. అంటే జాంగ్ అధికారానికి ఆధారం చట్టం కాదు, మైత్రి.

1573లో ప్రవేశపెట్టిన ‘కావ్‌చెంగ్’ విధానం ఈ లోటును పూడ్చే ప్రయత్నం. ప్రతి ఉత్తర్వుకూ గడువు విధించి, దానిని దస్తరాలలో నమోదు చేయించాడు. ఒక ప్రతి పర్యవేక్షకులకు, మరొకటి సచివాలయానికి చేరేది. పైకి ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. కానీ మంత్రిత్వశాఖల జవాబుదారీతనం చట్టం ఎన్నడూ అంగీకరించని చోటికి మళ్ళింది. దేశవ్యాప్త భూసర్వే, పన్నులనూ వెట్టిసేవలనూ కలిపి వెండిరూపంలో వసూలు చేసే ‘ఒకే కొరడా’ పద్ధతి విస్తరణ ఈ యంత్రాంగం బలంతోనే సాగాయి.

1577లో తండ్రి మరణించినప్పుడు ఆచారం ప్రకారం జాంగ్ 27 నెలలు పదవి విడిచి సంతాపదీక్షలో ఉండాలి. వ్యక్తిపై ఆధారపడిన అధికారం అంతకాలం నిలవదు. చక్రవర్తి ఆజ్ఞ పేరిట ఆయన కొలువులోనే ఉండిపోయాడు. అభ్యంతరం చెప్పిన ఐదుగురు అధికారులకు సభాప్రాంగణంలో కర్రదెబ్బలు పడ్డాయి. పితృభక్తిని పాలనకు పునాదిగా భావించే విద్వద్వర్గం దీనిని క్షమించలేదు.

1582లో జాంగ్ మరణించాడు. కొద్ది నెలలకే ఫెంగ్ బావో కూడా పదవీచ్యుతుడయ్యాడు. రెండేళ్ళలోపే జాంగ్ బిరుదులు రద్దయ్యాయి, ఆస్తి జప్తయింది. ఇంట్లో నిర్బంధించిన కుటుంబీకులు కొందరు ఆకలితో చనిపోయారు. పెద్దకొడుకు ఆత్మహత్య చేసుకున్నాడు. ‘కావ్‌చెంగ్’ కూడా మూలపడింది.

1622లో ఆయన పదవీగౌరవాలను పునరుద్ధరించారు. అప్పటి సభలో ఆయనను ప్రశంసించినవారిలో ప్రధాన అభిశంసనాధికారి జౌ యువాన్‌బియావ్ ఒకడు. 1577లో కర్రదెబ్బలు తిన్న ఐదుగురిలో ఆయనా ఉన్నాడు.