బిడ్డ అంగీ బిడ్డనే తొడుక్కోనివ్వండి

యాదగిరిగుట్టలోనైనా, చుట్టుపక్కల ఊళ్లలోనైనా పొద్దున పూట తల్లులకు తీరిక ఉండదు. అందుకే బిడ్డకు బట్టలు వారే తొడిగేస్తారు. అయితే అన్నీ మనమే చేస్తే బిడ్డ నేర్చుకోడు, లోపమేదైనా ఉంటే మన కంట పడదు.

పిల్లలకు ముందు విప్పడం వస్తుంది, తర్వాతే తొడుక్కోవడం. సుమారు 3 ఏళ్లకు ఎలాస్టిక్ లాగు, 4 ఏళ్లకు పెద్ద గుండీలు, 5 ఏళ్లకు చాలావరకు అన్నీ వస్తాయి.

చివరి పని ముందు నేర్పండి. లాగును మోకాళ్ల దాకా మీరు ఎక్కించి, అక్కడి నుండి బిడ్డను గుంజుకోనివ్వండి. అది వచ్చాక మడమల దగ్గరే వదిలేయండి.

4 ఏళ్లు దాటినా ప్రయత్నించకపోయినా, ఒక చేతినే వాడుతున్నా, వచ్చిన పని మరిచిపోతున్నా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలోనూ ఎదుగుదల పరీక్షలు ఉచితం.