కుక్కకు వేయు ముక్క - ఊరి యారోగ్యము

ఇంటిని, మందను కాయు కుక్కకు ప్రేమతో ఒక ముక్క వేయుట పల్లెలందు అనాదిగా నున్న ఆచారము. ఏది వేసినను కుక్క కాదనదు. కావున ఏది పెట్టవచ్చునో, ఏది పెట్టరాదో తెలిసికొనవలసినది యజమానియే. ఇది ఒక యింటి విషయము మాత్రమే కాదనియు, ఊరి యారోగ్యమునకు సంబంధించినదనియు పంచాయతి సభ్యులకు మేము మనవి చేయుచున్నాము.

పొట్టేలును కోసినపుడు నీటితిత్తులు గల కార్జమును, ఊపిరితిత్తులను పనికిరావని కుక్కలకు విసరివేయుట కలదు. అపాయమంతయు ఇందే యున్నది. ఆ తిత్తులలో ఎకినోకాకస్ అను బద్దెపురుగు పిల్లలుండును. అవి కుక్క ప్రేగులలో చేరి, సుమారు 7 వారములలో పెరిగి గ్రుడ్లు పెట్టును. కుక్క మాత్రము ఆరోగ్యముగనే కనిపించును. గ్రుడ్లు మలముతో వెలువడి, గడ్డి మూలమున గొఱ్ఱెలకును, కడుగని ఆకుకూరలు, నీరు, కుక్కను నిమిరిన చేతుల మూలమున మనుష్యులకును సంక్రమించును. మనుష్యుని కార్జమునందును, ఊపిరితిత్తులందును నీటితిత్తులు ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. పలువురికి శస్త్రచికిత్స అవసరమగును. దీనినే హైడాటిడ్ వ్యాధి యందురు.

ఇది మనకు దూరపు మాట కాదు. కర్నూలులో ఈ వ్యాధి వ్యాప్తిని గూర్చిన పరిశోధన 1968లోనే భారత వైద్య పరిశోధన పత్రికలో వెలువడినది. నేడు నంద్యాల జిల్లాలోనున్న పగిడ్యాల 2022 వరకు కర్నూలు జిల్లాలోనిదే.

దీనిని తొలగించుట అసాధ్యమును కాదు. 19వ శతాబ్దమున ఐస్‌లాండు దేశమున ఈ వ్యాధి మిక్కుటముగ నుండెను. 1863లో హరాల్డ్ క్రాబె అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అచ్చటికి పోయి పరిశోధించెను. ఆయన వ్రాసిన చిన్న పుస్తకమును ఇంటింటికి పంచిరి. పిమ్మట శాసనములును చేసిరి. తిత్తులు కుక్కల నోటికి అందకుండుటచే 20వ శతాబ్దమున వ్యాధి అచ్చట నిర్మూలమైనది.

మరి కుక్కకు ఏమి పెట్టవలెను? జొన్నరొట్టె ముక్క, ఉడికిన కోడిగ్రుడ్డు, బాగుగ ఉడికించి ఎముక తీసిన మాంసము చాలును. ఇట్టి చిఱుతిండి దినపు ఆహారములో 10వ వంతునకు మించరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తమును చెరచును. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండములను పాడుచేయును. చాక్‌లెట్ గుండెకు హాని. కావున మిగిలిన పులుసును, కిస్‌మిస్ వేసిన పాయసమును కుక్కకు పోయరాదు. ఉడికిన ఎముక చీలి ప్రేగులలో గ్రుచ్చుకొనును. కుక్కను తాకిన పిమ్మట పిల్లలు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

పంచాయతులు చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది, మాంసము కోయుచోటికి కుక్కలు రాకుండ కంచె వేయించుట. రెండవది, తిత్తులు గల భాగములను కాల్పించుట, లేదా కుక్కలు త్రవ్వలేనంత లోతుగ పూడ్పించుట. అది వీలుకానిచోట 40 నిమిషములు నీట మరిగించుట. మూడవది, పశువైద్యుని సలహాతో ఊరి కుక్కలకు ఏటా 4 పర్యాయములైనను ప్రాజిక్వాంటెల్ మందు వేయించి, ఆ దినముల మలమును పూడ్పించుట.

ఒక గొయ్యి, ఒక కంచె, కొన్ని మాత్రలు - ఇంతకు మించిన వ్యయము లేదు. రాబోవు సమావేశమునందు ఈ విషయమును చర్చించి, తీర్మానము గావించెదరని ఆశించుచున్నాము.