మొదటి విమానం
అడిగితే సగం దూరం తగ్గినట్టే!

జులై వచ్చిందంటే నెల్లూరు తీరపల్లెల్లో సూట్‌కేసులు బయటికొస్తాయి. అమెరికా యూనివర్సిటీల్లో ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కి పిల్లల్ని సాగనంపే కాలమిది. మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట వైపు రొయ్యల చెరువు మీదో, వరి మీదో బతికే ఇళ్ల నుంచి ఎంఎస్‌కి వెళ్లేవాళ్లలో చాలామందికి అదే మొదటి విమానం. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ ఎక్కి ఉండరు. శ్రీహరికోట నుంచి 1971 మొదలు రాకెట్లు లేస్తున్నాయి, జిల్లాలో మిద్దెలెక్కి చూసినవాళ్లకు లెక్కలేదు. విమానాశ్రయం లోపల ఏ గేటు తర్వాత ఏ గేటో చెప్పేవాళ్లు మాత్రం దొరకరు.

2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను దాటి మనదేశమే మొదటి స్థానంలో నిలిచింది. అందులో తెలుగు పిల్లల వాటా పెద్దది. పరీక్షలకూ వీసాకూ నెలల తరబడి శిక్షణ ఇప్పిస్తాం. ఇంటి గడప నుంచి హాస్టల్ గదిదాకా సాగే ఆ ఒక్క ప్రయాణం గురించి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

కాటా మీద సూట్‌కేసు

చాలా విమాన సంస్థలు 23 కిలోల పెట్టెలు రెండు, చేతిసంచి 7 కిలోలు అనుమతిస్తాయి. సరైన లెక్క టికెట్టు మీదే ఉంటుంది. రొయ్యలు తూచే కాటా మీదే సూట్‌కేసునీ తూస్తారు. 25 చూపిస్తే అమ్మ దుప్పటి తీసేస్తుంది గానీ కందిపొడి ముట్టదు.

అసలు తీయాల్సినవి వేరే ఉన్నాయి. ఎండుకొబ్బరికి నూనె వల్ల మండే గుణముంది కాబట్టి లగేజీలో ఒప్పుకోరు. కరివేపాకును అమెరికాలోకి రానివ్వరు, నిమ్మజాతి తోటలకు తెగులు మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది. మాంసం పచ్చళ్లదీ అదే దారి. ఆవకాయ పెద్దపెట్టెలో వెళ్లాలి, చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది. పవర్‌బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. పాస్‌పోర్టు, యూనివర్సిటీ పంపిన ఐ-20 పత్రం, ఫీజు కాగితాలు ఒంటిని వదలకూడదు. అమెరికాలో దిగాక, తినే వస్తువులున్నాయా అని అడిగితే ఉన్నాయని చెప్పేయాలి. చెబితే తప్పులేదు, దాస్తే జరిమానా.

మద్రాసు బాట

1953 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో భాగం. పై చదువంటే మన పెద్దలు పట్టిన దారి అదే. ఇవాళ్టి పిల్లలూ గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మీదుగా 175 కిలోమీటర్లు వెళ్లి చెన్నైలో విమానం ఎక్కుతున్నారు. సాగనంపడానికి రెండు బండ్ల జనం వస్తారు. గేటు దగ్గర జవాను టికెట్టు, పాస్‌పోర్టు చూసి ఒక్కరినే లోపలికి పంపుతాడు. “చేరంగానే ఫోన్ చెయ్ నాయనా” అనే మాట అక్కడే ఆగిపోతుంది.

లోపల వరుస ఇదీ: కౌంటర్లో లగేజీ ఇచ్చి బోర్డింగ్ పాస్ తీసుకోవడం, ఇమ్మిగ్రేషన్, సెక్యూరిటీ, ఆపైన గేటు. గేటు నంబరు మారుతుంటుంది, తెర మీద చూసుకుంటూ ఉండాలి. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ గాలి ఒత్తిడి మారి చెవులు దిబ్బడేస్తాయి. చాక్లెట్ చప్పరించినా, గుటక వేసినా సర్దుకుంటాయి. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారితే సాధారణంగా పెట్టెలు వాటంతటవే వెళ్తాయి. అమెరికాలో దిగిన మొదటి ఊళ్లో మాత్రం చాలావరకు మనమే తీసుకుని, కస్టమ్స్ దాటించి, తర్వాతి విమానానికి మళ్లీ అప్పగించాలి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. “నా లగేజీ ఎక్కడిదాకా వెళ్తుంది?” అని చెన్నై కౌంటర్లోనే అడిగితే ఆ తిప్పలుండవు.

నోరు విప్పనివ్వని బరువు

1920ల మొదట్లో వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పై చదువు కోసం బోస్టన్‌లో దిగారు. మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం ఆయన్ను అక్కడికి చేర్చాయి. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పని చేస్తూ చదివారు. ఆయన మళ్లీ స్వదేశం రానేలేదు. ఇప్పటి పిల్లలకు అంత ఎడబాటు లేదు, వీడియో కాల్‌లో రోజూ అమ్మ కనిపిస్తుంది. పరాయి డబ్బుతో చదువుకు వెళ్లే బరువు మాత్రం అలాగే ఉంది. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి నాన్న పంపుతుంటే, ఎస్కలేటర్ ఎక్కాలంటే భయమని కొడుకు ఎలా చెబుతాడు? అమెరికాలో ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు ఇంగ్లిషు అర్థం కాకపోతే ఎలా అని కూతురు ఎవర్ని అడుగుతుంది? భయాన్ని నామోషీ అనుకుని మింగేస్తారు.

అది నామోషీ కాదు. తెలియనిది అడగడం చదువుకునేవాళ్ల మొదటి హక్కు. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, ఫీజు ఎవరు కడుతున్నారు అని ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనాలి.

మన కాలేజీలు ఈ పని నెత్తికెత్తుకోవాలి. విక్రమ సింహపురి యూనివర్సిటీ నుంచి ఊళ్లోని ఇంజినీరింగ్ కాలేజీల దాకా, ఏటా జులైలో ఒక మధ్యాహ్నం కేటాయిస్తే చాలు. వెళ్లిన సీనియర్లు ఫోన్లో మాట్లాడతారు, వెళ్లబోయేవాళ్లు అడుగుతారు, తల్లిదండ్రులు పక్కన కూర్చుని వింటారు. లక్షలు పోసి పంపే చదువుకు పైసా ఖర్చులేని ఈ సాయం మనం బాకీ పడ్డాం. ఈ జులై నుంచే తీర్చడం మొదలుపెడదాం.