అదే ఓడ, అదే తువ్వాల ఏనుగు

గది తలుపు తీయకముందే మా చిన్నోడు చెప్పేశాడు, "ఈరోజు ఏనుగే" అని. తీసి చూస్తే నిజంగానే ఏనుగు. తెల్ల తువ్వాళ్ళతో చేసి, తొండం పైకెత్తి, నా కళ్ళజోడు పెట్టి మంచం మీద కూర్చోబెట్టారు. మొదటి క్రూజ్‌లో ఇలాంటి ఏనుగుకే ఇరవై ఫొటోలు తీశాం. ఇది ఐదోది. ఏనుగును పక్కకు జరిపి పడుకున్నాం.

ఎదుటి గదిలో మా అవ్వ, బాపు ఉన్నారు. గంభీరావుపేట నుంచి వేసవికి వచ్చినవాళ్ళను ఓడ ఎక్కించడం అదే మొదలు. బాపు సిరిసిల్లలో ముప్పై ఏళ్ళు సాంచా, అంటే మరమగ్గం, నడిపిన మనిషి. ఆయన తన గదిలోని ఏనుగుకు ఫొటో తీయలేదు. మడత మడతా విప్పాడు. అంచును వేళ్ళ మధ్య నలిపి, "పోగు మంచిగనే ఉంది బిడ్డా. గని నేసినోనికంటె మడిసినోడు మొనగాడు" అన్నాడు. తిరిగి మడవబోతే రాలేదు. మర్నాడు పొద్దున్నే గదులు సర్దే ఇండోనేషియా అబ్బాయి ఎప్పుడొస్తాడా అని తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నాడు.

ఒకే ఏనుగు. నాకు విసుగు తెప్పించింది, ఆయనకు పని చెప్పింది. ఎందుకలా అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను.

అమెరికాలో ఉన్న మన తెలుగు సంఘంలో క్రూజ్ ఎక్కని కుటుంబాలు ఇప్పుడు తక్కువే. స్ప్రింగ్ బ్రేక్ వస్తే నాలుగు కుటుంబాలు కలిసి టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవుకు బయలుదేరడం మామూలైపోయింది. క్రూజ్ కంపెనీల అంతర్జాతీయ సంఘం లెక్క ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా 3 కోట్ల 17 లక్షల మంది ఇలా ఓడెక్కారు. మొదటిసారి వెళ్ళొచ్చినవాళ్ళు ఆగకుండా కబుర్లు చెబుతారు. నాలుగోసారి వెళ్ళొచ్చినవాళ్ళను అడిగితే మాత్రం, "ఏముంది, అదే తిండి, అదే ఆట, మళ్ళీ కోజుమెల్" అంటారు. ఈ నిట్టూర్పుకు సగం కారణం ఓడలో ఉంది, సగం మనలో ఉంది.

దారి ఎందుకు మారదు

ముందు లెక్క చూద్దాం. పెద్ద క్రూజ్ ఓడ సుమారు 20 నాట్ల వేగంతో, అంటే గంటకు 37 కిలోమీటర్లు నడుస్తుంది. మన ఊళ్ళలో ఎర్రబస్సు కూడా దీన్ని దాటిపోతుంది. గాల్వెస్టన్‌లో సాయంత్రం బయలుదేరితే మెక్సికో తీరం చేరడానికే రెండు రాత్రులు, ఒక పగలు పడుతుంది. తిరుగు ప్రయాణానికీ అంతే. వారం రోజుల టికెట్లో మిగిలేది మూడు నాలుగు రోజులు. ఆ రోజుల్లో అందే రేవులు కొన్నే: మెక్సికోలోని కోజుమెల్, కోస్టా మాయా, హోండురాస్‌కు చెందిన రోటాన్. ఓడ మారినా, కంపెనీ మారినా సముద్రం దూరం మారదు కదా.

దీనికి తోడు ఒక పాత చట్టం ఉంది. అమెరికాలో 1886లో చేసిన ప్రయాణికుల ఓడల చట్టం ప్రకారం, విదేశీ జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను చేరవేయకూడదు. అమెరికా రేవులో ఎక్కి తిరిగి అదే రేవులో దిగాలన్నా నడుమ ఏదో ఒక పరాయి దేశపు రేవును ముట్టుకోవాలి. పెద్ద ఓడలు దాదాపు అన్నీ బహమాస్, పనామా లాంటి దేశాల్లో నమోదైనవే. అమెరికా జెండాతో హవాయి దీవుల చుట్టూ తిరిగే 'ప్రైడ్ ఆఫ్ అమెరికా' అరుదైన మినహాయింపు. అందుకే అందరి ఓడలూ దగ్గర్లో ఉన్న ఆ పరాయి రేవుల్లోనే కలుసుకుంటాయి.

కంపెనీలు దీనికి కనిపెట్టిన మందు, ఓడనే ఊరుగా మార్చేయడం. 2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన 'ఐకన్ ఆఫ్ ద సీస్' స్థూల టన్నేజీ 2,48,663. అందులో 20 అంతస్తులు, ఏడు కొలనులు, ఆరు నీటి జారుడుబల్లలు ఉన్నాయి. నిండితే దాదాపు 7,600 మంది ప్రయాణికులు. మా మండలంలోని చాలా ఊళ్ళ జనాభా కంటే ఎక్కువ. రేవులు కూడా సొంతవే వచ్చాయి. బహమాస్‌లోని కోకోకే అనే చిన్న దీవిని రాయల్ కరీబియన్ 2019లో పూర్తిగా వినోద స్థలంగా తీర్చిదిద్దింది. ఓడ దిగినా కంపెనీ ఆవరణ దాటి పోము.

అసలు ఈ వ్యాపారం పుట్టుకే తమాషా. జర్మనీలోని హాంబర్గ్ ఓడల వ్యాపారి ఆల్బర్ట్ బాలిన్‌కు చలికాలంలో అట్లాంటిక్ దాటే ప్రయాణికులు తగ్గిపోయేవారు. ఖాళీగా పడి ఉండే 'ఆగస్టా విక్టోరియా' ఓడను ఆయన 1891 జనవరిలో మధ్యధరా సముద్రం వైపు విహారానికి పంపాడు. ఖాళీగా ఉన్న ఓడకు పని కల్పించడానికి పుట్టిన విహారం ఇది. ఎక్కినవాళ్ళకు మాత్రం పనేమీ ఉండదు.

ఓడలో గడియారం

రోజువారీ కార్యక్రమం కూడా అచ్చు పోసినట్టే ఉంటుంది. ఎక్కగానే ప్రాణరక్షణ కసరత్తు. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందంతో మొదలైన క్రమశిక్షణ అది. దాన్ని ఎవరూ తప్పించుకోకూడదు, తప్పించుకోలేరు. ఆ తరువాత ఓడ కదిలేటప్పుడు డెక్ మీద పాటలు, రెండో రోజు సూటు బూటు రాత్రి, ఒకరోజు లాబ్‌స్టర్, చివర్లో వడ్డించేవాళ్ళు రుమాళ్ళు తిప్పుతూ ఆడే నాట్యం, బింగో, క్విజ్, బొమ్మల వేలం, ఆఖరి రాత్రి గది బయట పెట్టెలు.

ఇది బద్ధకం వల్ల జరిగేది కాదు. పొద్దున వేలమంది దిగిపోతారు, సాయంత్రానికి మరో వేలమంది ఎక్కుతారు. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి అనుభవం లోటు లేకుండా అందాలని వేసిన పట్టిక అది. పెళ్ళి మంత్రాలు పురోహితుడికి పాతవి, వధూవరులకు కొత్తవి. చిక్కంతా ఐదోసారి పీటల మీద కూర్చున్న మనలాంటి వాళ్ళతోనే.

పైగా ఓడకు ఆదాయం టికెట్టుతో ఆగదు. మద్యం, కాసినో, ఫొటోలు, స్పా, అదనపు రుసుము భోజనశాలలు, వైఫై. అందుకే ఎటు నడిచినా దారి ఏదో ఒక అంగట్లోంచే పోతుంది. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళకు పాయింట్లూ ఉంటాయి. రాయల్ కరీబియన్‌లో మామూలు గదికి రాత్రికొక పాయింటు. 30కి ప్లాటినం, 55కు ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కు డైమండ్ ప్లస్, 700కు పినాకిల్. విసుగును ఓర్చుకున్నందుకు దొరికే బహుమానం, మరికొన్ని రాత్రులు అదే ఓడలో.

మనసు చేసే పని

సుఖానికి అలవాటు పడటం గురించి మానసిక శాస్త్రవేత్తలు బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ 1971లోనే రాశారు. ఎంత నడిచినా ఉన్నచోటే ఉంచే ట్రెడ్‌మిల్‌తో దాన్ని పోల్చారు. 2008లో నెల్సన్, మేవిస్ చేసిన ప్రయోగాల్లో ఒక వింత బయటపడింది. మర్దన లాంటి సుఖాన్ని మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెడితే మనుషులు దాన్ని ఇంకా ఎక్కువ ఆనందించారు. కానీ ముందుగా అడిగితే, ఆపకుండా ఇవ్వండనే అన్నారు. ఏడు రోజులూ ఎడతెరిపి లేని సుఖం ఎందుకు చప్పబడుతుందో దీంతో కొంత అర్థమవుతుంది.

ఎడ్ ఓబ్రయన్ 2019లో ప్రచురించిన పరిశోధన రెండో వైపు చూపిస్తుంది. ఒకే ప్రదర్శనను, ఒకే సినిమాను రెండోసారి చూస్తే విసుగొస్తుందని మనం ఊహిస్తాం. తీరా చూసినవాళ్ళకు ఊహించినంత విసుగు రాలేదు. మొదటిసారి కంటపడనివి రెండోసారి కనపడ్డాయి. అయితే అవి కనపడాలంటే చూడాలి మరి.

సిరిసిల్లలో పెరిగినవాళ్ళకు ఈ సంగతి కొత్తది కాదు. బయటివాడికి సాంచా సప్పుడు రోజంతా ఒకటే. నడిపేవాడికి పోగు తెగిన సప్పుడు వేరు, కండె అయిపోవస్తున్న సప్పుడు వేరు. అలసట ఉంటుంది, కూలి తక్కువన్న బాధ ఉంటుంది. కానీ చెవి మాత్రం నిద్రపోదు.

మా మండలంలో నర్మాల దగ్గర నిజాం కాలపు ఎగువ మానేరు ప్రాజెక్టు ఉంది. వానలు బాగా పడి మత్తడి దుంకిందంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే. అదే కట్ట, అదే నీళ్ళు. అయినా ఎవరూ "పోయినేడు చూసిందే కదా" అనరు. ఎందుకంటే అది ఏ పట్టికలోనూ లేదు. కొన్నేళ్ళు దుంకదు. దుంకిన ఏడు పొలం పండుతుంది. ఎదురుచూపు, అక్కర రెండూ ఉన్నచోట విసుగుకు జాగా దొరకదు. మా ఊరి సీతారామస్వామి గుడిలో కాకతీయుల కాలం నుంచి ఆరలేదని చెప్పుకునే నందాదీపం ఉంది. వచ్చి చూసిపోయేవాళ్ళకు అది ఒక వెలుగు. నూనె పోసేవాళ్ళకు అది ప్రతిరోజూ మొదటిరోజే, మరిచిపోతే ఆరుతుంది కనుక.

మన వైపు నుంచి ఓడ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మనుషులకు సముద్రమంటే ముందు గుర్తొచ్చేది విహారం కాదు, గల్ఫ్. 1982 దాకా ముంబై నుంచి గల్ఫ్ రేవులకు 'ద్వారక' అనే ప్రయాణికుల ఓడ నడిచింది. ఆ తరువాత విమానాలే. అక్కడ క్యాంపులో అదే గది, అదే పప్పు, అదే ఎండ. రెండేళ్ళకోసారి ఇంటికి సెలవు. "బోర్" అనే మాట వాడుకునే తీరిక మా వాడకట్టులో ఎవరికీ లేకపోయింది.

ఓడలో మన గది సర్దేవాళ్ళదీ అదే కథ. నెలల తరబడి ఒప్పందం, నీటి మట్టానికి దగ్గర్లో కిటికీ లేని చిన్న గది. 2013 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం పనికి పెట్టిన గరిష్ఠ పరిమితే ఏడు రోజుల్లో 72 గంటలు. అంటే మనం "మళ్ళీ ఏనుగేనా" అని పక్కకు జరిపినదాన్ని ఆ రోజు ఆ ఇండోనేషియా అబ్బాయి ఎన్ని గదుల్లో మడిచి ఉంటాడో!

మరో సంగతి. 2022 జూన్‌లో కార్డెలియా కంపెనీ క్రూజ్ ఓడ 'ఎంప్రెస్' విశాఖపట్నం నుంచి చెన్నై వైపు బయలుదేరినప్పుడు తెలుగు పత్రికలన్నీ ఫొటోలు వేశాయి. ఆ ఓడ కొత్తదేమీ కాదు. 1990లో రాయల్ కరీబియన్ కోసం కట్టింది, మయామీ నుంచి బహమాస్‌కు మూడు నాలుగు రోజుల ట్రిప్పులు తిరిగింది. ఫ్లోరిడా వాళ్ళు చూసి చూసి వదిలేసిన ఓడ విశాఖలో పండగైంది. పొరుగింటి పుల్లకూర అంటే ఇదే. 2023 సెప్టెంబరులో విశాఖకు సొంత క్రూజ్ టెర్మినల్ కూడా వచ్చింది.

ఈసారి వెళ్ళేవాళ్ళకు

ఓడను చూసి కాదు, దారిని చూసి టికెట్ కొనండి. వేసవిలో అలాస్కా వెళ్తే మంచుకొండ ఏ రోజు ఎలా విరుగుతుందో, తిమింగలం ఎక్కడ లేస్తుందో పట్టిక వేసేవాళ్ళు లేరు. వసంతంలో కరీబియన్ నుంచి యూరప్‌కు తరలిపోయే ఓడలు ఒకవైపు ప్రయాణానికి టికెట్లు ఇస్తాయి. పనామా కాలువ దాటే దారులూ ఉన్నాయి. నదుల మీద తిరిగే చిన్న ఓడలైతే ఊరి నడిబొడ్డునే దించుతాయి. మన దేశంలో 2023 జనవరి 13న వారణాసిలో బయలుదేరిన 'గంగా విలాస్' 51 రోజుల యాత్ర అన్న ప్రకటనతో డిబ్రూగఢ్ దాకా వెళ్ళింది. అంత ఓపిక లేకపోతే, ఇండియా వెళ్ళినప్పుడు, నీళ్ళుంటే, నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ ఉండనే ఉంది.

ఏటా వెళ్ళకండి, రెండేళ్ళు ఆగండి. ఓడలో రోజుకు ఒక్క కార్యక్రమం చాలు. మిగతా సమయం సముద్రానికి ఇవ్వండి. రేవులో కంపెనీ అమ్మే టూరు కాకుండా మీరే ఒక చోటు వెతుక్కోండి. నేను కోజుమెల్‌లో నాలుగుసార్లు దిగి వజ్రాల దుకాణాలు దాటి పోలేదు. ఐదోసారి అవ్వ కోసం దీవి మధ్యలో ఉన్న సాన్ హెర్వాసియో శిథిలాలకు వెళ్ళాం. ఒకప్పుడు మాయా స్త్రీలు సంతానం కోసం, సుఖ ప్రసవం కోసం ఇష్‌చెల్ దేవతకు మొక్కుకోవడానికి పడవల్లో వచ్చేవారట. అవ్వ ఆ రాళ్ళకు దండం పెట్టి, "మనోళ్ళు ఎములాడ రాజన్న గుడికి పొయ్యి, కోడెను కట్టి మొక్కు తీర్సినట్టే గదా" అంది. నాలుగుసార్లూ నేను చూడని కోజుమెల్‌ను ఆమె ఒక్క మాటతో మా ఊరి పక్కకు తెచ్చింది.

అన్నిటికంటే ముఖ్యం, ఎప్పుడూ ఓడెక్కని మనిషినొకరిని వెంట తీసుకెళ్ళండి.

ఆఖరి రాత్రికి ముందు బాపు, మా చిన్నోడు కలిసి నేల మీద తువ్వాళ్ళు పరిచారు. ఇండోనేషియా అబ్బాయి రెండు పొద్దులు నేర్పిన మడతలే. కానీ ఏనుగు కాదట. తొండం రావలసిన చోట కొమ్ములు తీశారు, మూపురానికి చేతిరుమాలు చుట్టి పెట్టారు. ఒక కొమ్ము వాలిపోతుంటే చిన్నోడు హెయిర్‌క్లిప్ పెట్టాడు. "ఇదేం జంతువు తాతా?" అంటే, "రాజన్న కోడె" అన్నాడు బాపు. మంచం మీద నిలబెట్టి, భోజనానికి వెళ్ళిపోయాం.

తిరిగొచ్చేసరికి ఆ అబ్బాయి గదిలోనే ఉన్నాడు. ఈసారి ఫొటో తీసుకుంటున్నది అతనే.