గ్యారేజీలో పాత ఇనుము... దాని ధరెంత?

అమెరికాలో శనివారం వచ్చిందంటే గ్యారేజ్ సేల్స్, ఎస్టేట్ సేల్స్ చుట్టేసి వచ్చే మనవాళ్లు తక్కువేం కాదు. సోఫాలు, సైకిళ్లు, పింగాణీ సామాన్ల మధ్య అప్పుడప్పుడూ ఒక మూల బల్లకి బిగించిన ఇనుప యంత్రం కనిపిస్తుంది. పొడవాటి హ్యాండిల్‌తో బోరింగు పంపుకి చిన్న తమ్ముడిలా ఉంటుంది. దాని పక్కన చిన్న చిన్న పెట్టెలు, ఒక త్రాసు, మసి పట్టిన సీసాలు. పెద్దాయన పోయాక ఇంట్లోవాళ్లకి అదేంటో తెలీదు. మొత్తానికి కలిపి ‘20 డాలర్లు’ అని చీటీ అంటించేస్తారు.

అది రీలోడింగ్ ప్రెస్. తుపాకీ పేల్చాక మిగిలే ఇత్తడి తొడుగుని మళ్లీ సైజుకి తెచ్చి, కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ అమర్చి తూటాగా చేసుకునే పరికరం. వేటగాళ్లు, టార్గెట్ షూటర్లు ఖర్చు తగ్గుతుందనీ, గురి బాగా కుదురుతుందనీ వాడతారు. సొంత వాడకానికి చేసుకుంటే అక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. చేసి అమ్మాలంటే మాత్రం కావాలి.

తెలియకపోతే ఇక్కడ ఇద్దరికీ నష్టమే. అమ్మేవాళ్లకి డబ్బు పోతుంది. కొనేవాళ్లు, అందులోనూ వీసా మీద ఉన్న మనలాంటివాళ్లు, చట్టానికి అడ్డంగా దొరికిపోవచ్చు. ముందు ధర సంగతి చూద్దాం.

రంగు చూడండి, ఆపైన పేరు చదవండి

ఆకుపచ్చ అయితే చాలావరకు ఆర్‌సీబీఎస్. 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ మొదలుపెట్టిన సంస్థ. ఎరుపు అయితే లీ గానీ హోర్నడీ గానీ. నీలం అయితే ఆరిజోనాకి చెందిన డిల్లన్. నారింజ రంగు లైమన్‌ది కావచ్చు. వీటన్నిటిలో పెద్దన్న అదే, 1878 నాటిది. ఛర్రాల తూటాలు చేసే నిలువు యంత్రమైతే అది విస్కాన్సిన్ కంపెనీ మెక్‌ది అయ్యే అవకాశం ఎక్కువ.

కానీ రంగుదేముంది, ఎవరైనా వేసుకోవచ్చు. ఇనుములో పోతపోసిన అక్షరాలు చదవండి. అదే దాని అసలు ‘వెర్షన్ నంబర్’. ‘రాక్ చకర్’ అని ఉంటే మార్కెట్లో ఎప్పుడూ గిరాకీ ఉన్న సరుకు. ‘హెర్టర్స్’ అని ఉంటే కొంచెం ఆగండి. మిన్నెసోటాలోని వసీకా నుంచి పోస్టులో సరుకులు అమ్మిన పాత కంపెనీ అది. వాళ్ల ప్రెస్‌లు గట్టివే, కానీ చాలావాటికి వాళ్ల షెల్ హోల్డర్లే కావాలి, ఇప్పటివి పట్టవు. ఆ చిన్న ముక్క లేకపోతే యంత్రం బల్ల మీద బరువే.

అలాగే డై బిగించే రంధ్రం మర చూడండి. 7/8-14 అన్నది ఇప్పటి ప్రామాణిక మర. అంటే ముప్పాతిక అంగుళం దాటిన వ్యాసం, అంగుళానికి 14 చుట్లు. అది ఉంటే ఏ కంపెనీ డై అయినా దాదాపు కూర్చుంటుంది. డిల్లన్ వాళ్ల ‘స్క్వేర్ డీల్ బి’ లాంటివి సొంత డైలే అడుగుతాయి. కొనేవాళ్లు తగ్గుతారు, ధరా తగ్గుతుంది.

పెట్టెల్లో ఉంది అసలు సొమ్ము

అందరి కళ్లూ ప్రెస్ మీదే ఉంటాయి. నిజానికి పక్కనున్న చిన్న పెట్టెలన్నీ కలిపితే చాలాసార్లు ప్రెస్‌ని మించిపోతాయి. అవి డైలు, ఒక్కో తూటా రకానికి ఒక్కో సెట్. డై మీద ఆ రకం పేరు చెక్కి ఉంటుంది. 9 ఎంఎం, .223, .308 లాంటివి ఎక్కడబడితే అక్కడ దొరుకుతాయి, అందుకే చవక. ఎవరూ చేయని పాతకాలపు రకమైతే వెతుక్కుంటూ వచ్చి కొంటారు. పిస్తోలు డైల పెట్టె మీద ‘కార్బైడ్’ అని ఉంటే ఇంకొంచెం ఎక్కువ పలుకుతుంది. తొడుగుకి నూనె రాసే పని తప్పుతుంది మరి.

చెక్క పిడులున్న ఇనుప పటకారు కనిపిస్తే అది బుల్లెట్ పోతపోసే అచ్చు. లైమన్ అచ్చు మీద 429421 అని ఉందనుకోండి. మొదటి మూడంకెలు బుల్లెట్ వ్యాసం, .429 అంగుళం. మిగతా మూడూ ఆ డిజైన్ నంబరు. రెండు దిమ్మలూ మూసి వెలుతురుకి పట్టుకోండి. మధ్యలో సందు కనిపించినా, లోపల తుప్పు గుంటలు ఉన్నా ధర పడిపోయినట్టే.

ఇక త్రాసు. ఇక్కడ లెక్క గ్రెయిన్లలో ఉంటుంది. పౌండుకి 7,000 గ్రెయిన్లు. మన కంసాలి గురివింద గింజలో దాదాపు సగం అన్నమాట. ఆర్‌సీబీఎస్ పాత 5-0-5, 10-10 త్రాసులు ఓహాస్ సంస్థ చేసిపెట్టినవి, వాటికి మంచి పేరుంది. కాటాని మెల్లగా కదిపి వదలండి. స్వేచ్ఛగా ఊగి మళ్లీ సున్నా దగ్గరే ఆగితే బాగున్నట్టు. ఎక్కడో పట్టేసినట్టు ఆగితే అంచులో దుమ్మో, దెబ్బో ఉంది.

అరుగుదల, ధర

ప్రెస్ హ్యాండిల్ కిందికి లాగితే మధ్యలో కడ్డీ పైకి లేస్తుంది. దాన్ని అటూ ఇటూ కదపండి. బాగా ఊగితే అరిగిందని. ఫ్రేము మూలల్లో బీటలు చూడండి. బీట ఉంటే ఆ ఇనుము తూకానికే. పైపైన తుప్పుకి భయపడక్కర్లేదు. డై లోపల నున్నటి గోడ మీద తుప్పు గుంటలుంటే మాత్రం వదిలేయండి. విరిగిన పిన్ను చిన్న ఖర్చే.

ధర కట్టేటప్పుడు ఈబేలో జనం అడుగుతున్న రేట్లు చూడకండి. ‘అమ్ముడైనవి’ అనే ఫిల్టర్ పెట్టి చూడండి. ఆశపడే ధర వేరు, చేతికొచ్చే ధర వేరు. నా లెక్క ఇది: కొత్త ప్రెస్ 200 డాలర్లనుకుంటే, బాగున్న పాతది 100 నుంచి 130. ముక్కలు తక్కువైతే వాటి కొత్త ధర తీసేయాలి. పోత ఇనుము బరువెక్కువ కాబట్టి పార్శిల్ ఖర్చు మర్చిపోవద్దు. 2020, 2021లో ప్రైమర్లు దొరక్క అందరూ ఎగబడినప్పటి రేట్లు పట్టుకుని బేరమాడితే ఇప్పుడు ఎవరూ కొనరు.

మా వీధిలో ఒక పెద్దావిడ ‘ఇంజినీరువి కదా, కాస్త చూసిపెట్టు బాబూ’ అంటే రెండు వారాంతాలు కూర్చుని జాబితా రాశాను. ఆవిడ మొత్తానికి ఒకే రేటు ఇచ్చేద్దామనుకున్నారు. విడివిడిగా అమ్మితే దానికి నాలుగింతలు వచ్చింది. అందులో ప్రెస్ వాటా సగం కూడా లేదు. అయితే తొడుగులు, పౌడర్ నేను ముట్టుకోలేదు. వాళ్లబ్బాయే ముందుగా తీసి పక్కన పెట్టాడు. ఎందుకో చెప్తాను.

ఇనుము సరే, ఇత్తడి కాదు

హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, మందుగుండు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ అడ్డు లేదు. మన కళ్లుగప్పే మెలిక ఎక్కడుందంటే, ఆ చట్టంలో ‘మందుగుండు’ అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ తొడుగు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్... ఏ ఒక్కటైనా చాలు.

అంటే ప్రెస్, డైలు, త్రాసు పర్వాలేదు. కానీ ‘డబ్బా మొత్తం 20 డాలర్లు’ అని కొని కార్లో వేసుకుంటే, అడుగున దొర్లుతున్న నాలుగు ఇత్తడి ముక్కలే తలనొప్పి తెచ్చిపెడతాయి. డైలో ఇరుక్కుపోయిన తొడుగు ఉండొచ్చు. పౌడర్ కొలిచే గొట్టంలో గుప్పెడు మిగిలి ఉండొచ్చు. అన్నీ విప్పించి, ఖాళీ చేయించి, అప్పుడే డబ్బివ్వండి.

పాత పౌడర్‌కి ఎవరైనా సరే పైసా ఇవ్వకూడదు. అసలు డబ్బాలో కాకుండా వేరే సీసాలో ఉంటే అది ఏ రకమో నమ్మే వీల్లేదు. ఘాటు పులుపు వాసన, ఎర్రటి పొడి కనిపిస్తే అది చెడిపోయింది. ఏం చేయాలో స్థానిక అగ్నిమాపక శాఖని అడగమని ఇంటివాళ్లకి చెప్పండి.

చివరిగా, ‘షోకేసులో పెట్టుకోవడానికి బాగుంటుంది, హైదరాబాద్ తీసుకెళ్దాం’ అనిపిస్తే ఆ ఆలోచన మానుకోండి. మన 1959 ఆయుధాల చట్టంలో ‘మందుగుండు’ నిర్వచనం కింద దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా వస్తాయి. ఒహాయో గ్యారేజీలో 20 డాలర్ల ఇనుము శంషాబాద్ కస్టమ్స్ దగ్గర పూర్తిగా వేరే వస్తువు.